650 మాటల్లో ఏ బతుకు రాయాలి?

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలోని తెలుగువారి ఇళ్లల్లో కొత్త హడావుడి మొదలవుతుంది. హైస్కూల్ చివరి ఏడాది చదివే పిల్లలున్న ఇల్లయితే ఇక చెప్పనే అక్కర్లేదు. కాలేజీ దరఖాస్తులు! మార్కులు సరే, శాట్ స్కోరు సరే, ఫుడ్ బ్యాంకులో చేసిన సేవ సరే... బండి వచ్చి వచ్చి ఒక్క కాగితం దగ్గర ఆగిపోతుంది. ‘పర్సనల్ ఎస్సే’ అనే ఆ కాగితం అడిగేవి చిన్న ప్రశ్నలే. నువ్వెవరు? నీకే కష్టం ఎదురైంది? దాన్నెలా దాటావు?

మనం చదువుకున్న రోజుల్లో ఇవి మనల్ని ఎవరూ అడగలేదు. ఎంసెట్ వాళ్లు ర్యాంకు చూశారు. పాలిటెక్నిక్ వాళ్లు మార్కులు చూశారు. ఇంట్లో ఏం తిన్నావు, ఫీజు ఎవరు కట్టారు అని ఏ కౌన్సెలింగ్‌లోనూ అడగలేదు. అందుకే పిల్లలు తమ వ్యాసం చేతికిచ్చి ‘చదివి చెప్పండి’ అంటే మన పెద్దవాళ్లకు ఏం చెప్పాలో తోచదు. ఎలా రాయాలో పిల్లలకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. చదివినవాళ్లు ఎలా బదులివ్వాలన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ సంగతే నాలుగు మాటలు చెబుదామని ఈ ప్రయత్నం.

మేమెవరం?

మేమంటే ముగ్గురం. డల్లాస్ చుట్టుపక్కల ఉంటాం. ఒకరు కాంక్రీట్ కంపెనీలో లెక్కలు చూస్తారు. ఇంకొకరు హోటళ్లలో ప్లంబింగ్, ఏసీల మరమ్మతు చూస్తారు. ఇది రాస్తున్న మేం జగిత్యాల వైపు వాళ్లం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, దుబాయ్ సైట్ల మీద ఎండకు కమిలి, ఇంటావిడ ఉద్యోగం వెంట హెచ్4 వీసా మీద ఇక్కడికి వచ్చాం. గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవారి భార్యలకు, భర్తలకు 2015 మే నుంచి పనిచేసుకునే అనుమతి దొరకడంతో మళ్లీ హెల్మెట్ నెత్తిన పెట్టుకున్నాం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కట్టేచోట సైట్ సూపర్‌వైజర్లం.

మరి కాలేజీ వ్యాసాలతో మాకేం పని? నిజమే. మా ముగ్గురిలో ఒక్కరం కూడా ఇక్కడి కాలేజీ గడప తొక్కలేదు. ఒక శనివారం లైబ్రరీలో మా స్నేహితుడి కూతురు తన వ్యాసం చూపించింది. ఆ పిల్ల ఇంకో ఇద్దరికి చెప్పింది. అలా మూడేళ్లుగా అక్టోబరు నెలలో శనివారం పూట లైబ్రరీ గదిలో కూర్చుంటున్నాం. సాఫ్ట్‌వేర్ అంకుళ్ల దగ్గరికి వెళ్తే కెరీర్ గురించి చెబుతారట. మా దగ్గరైతే ఊరికే మాట్లాడొచ్చట. పిల్లలు చెప్పిన మాటే ఇది. పైసా తీసుకోం, ఒక్క వాక్యం కూడా మేం రాసివ్వం. చదువుతాం, అడుగుతాం. అంతే.

అడిగేదేమిటి?

తెలియని తల్లిదండ్రుల కోసం కొంచెం వివరం. ఇక్కడ వెయ్యికి పైగా కాలేజీలు ‘కామన్ యాప్’ అనే ఒకే దరఖాస్తును తీసుకుంటాయి. అందులో ఏడు అంశాలిచ్చి ఒకదాని మీద రాయమంటారు. 250 మాటలకు తగ్గకూడదు, 650 దాటకూడదు. మొదటి అంశం మన నేపథ్యం, మన గుర్తింపు. రెండోది ఎదురైన అడ్డంకి లేదా ఓటమి, దాన్నుంచి నేర్చుకున్నది. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఈ రెండే.

2023 జూన్ 29 తర్వాత ఈ కాగితానికి బరువు ఇంకా పెరిగింది. ఆ రోజు అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసులో తీర్పిచ్చింది. సీట్లిచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోవడం కుదరదని చెప్పింది. అయితే అదే తీర్పులో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఒక కిటికీ తెరిచి ఉంచారు. జాతి తన బతుకు మీద ఎలాంటి ప్రభావం చూపిందో విద్యార్థి స్వయంగా రాస్తే దాన్ని చదివి పరిగణించవచ్చు. కాకపోతే అది ఆ విద్యార్థి ధైర్యంతోనో, పట్టుదలతోనో, అతను కాలేజీకి ఇవ్వగలిగిన దానితోనో ముడిపడి ఉండాలి. ఈ వ్యాసాన్ని అడ్డం పెట్టుకుని పాత పద్ధతినే దొడ్డిదారిన నడపకూడదని కూడా హెచ్చరించారు.

అంటే ఏమైంది? ‘ఏషియన్’ అన్న గడిలో టిక్కు పెట్టినంత మాత్రాన ఏమీ రాదు. ఆ టిక్కు వెనక ఏం జరిగిందో పిల్ల చేత్తోనే రాయాలి. దాంతో మన ఇళ్లల్లో కష్టాల వేట మొదలైంది.

మళ్లీ మళ్లీ వచ్చే కథలు

లంచ్ బాక్సులో పులిహోర చూసి పక్కపిల్లలు ముక్కు మూసుకున్న కథ. టీచరుకు పేరు పలకడం రాక రెండక్షరాలకు కుదించిన కథ. కూచిపూడి ప్రదర్శన ముందు రోజు కాలు బెణికిన కథ. వేసవి సెలవుల్లో తాతగారి ఊరెళ్లి పేదరికం చూసి కళ్లు తెరుచుకున్న కథ. ఇవన్నీ అబద్ధాలని మేం అనం. జరిగే ఉంటాయి. కానీ పైన పేరు తీసేసి పక్కింటి పిల్ల పేరు పెట్టినా చెల్లిపోయేలా ఉంటాయి.

ఇక డబ్బు తీసుకుని దిద్దిపెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లొచ్చిన వ్యాసాలు ఇంకో రకం. నున్నగా ప్లాస్టరింగ్ చేసి పెయింట్ వేసిన గోడలా ఉంటాయి. లోపల ఇటుక ఉందో, గాలి ఉందో తట్టి చూస్తే తప్ప తెలియదు.

ఒకమ్మాయి వచ్చింది. ‘అంకుల్, నాకు కష్టాలే లేవు. ఏం రాయను?’ అంది. చేతిలో మాత్రం ఒక వ్యాసం ఉంది. వాళ్ల నాన్నగారు చిన్నప్పుడు చెప్పుల్లేకుండా బడికి నడిచిన కథ. బాగానే ఉంది, కానీ అది నాన్న వ్యాసం, నాన్నే రాసుకోవాలి. ‘ఈ సంగతి నాన్న నీకు ఎప్పుడెప్పుడు చెబుతుంటారమ్మా?’ అని అడిగాం. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ‘నేను కొత్త షూస్ అడిగిన ప్రతిసారీ!’ అంది. ఇంకేం, వ్యాసం అక్కడ దొరికింది. నాన్న పడ్డ కష్టానికి రోజూ కృతజ్ఞత చూపిస్తూ పెరగడం ఎలా ఉంటుంది? ప్రేమ ఎక్కడుంది, చిరాకు ఎక్కడుంది? ఆ పిల్ల అదే రాసింది. చదివి వాళ్ల నాన్న రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు తనే తీసుకెళ్లి షూస్ కొనిచ్చారట!

మామూలుగా మనమిచ్చే బదుళ్లు మూడే. ఒకటి ‘అయ్యో పాపం’. రెండు ‘సూపర్, అదిరింది’. మూడోది అన్నిటికంటే చెడ్డది. ‘ఇంకొంచెం కష్టం పెట్టు, ఇంకో రెండు కన్నీళ్లు పెట్టు’. ఈ మూడూ చెప్పే పెద్దలకు సుఖం, వినే పిల్లలకు దండగ. అయ్యో పాపమంటే పిల్ల తన బతుకును జాలి కోసం అమ్ముకోవడం నేర్చుకుంటుంది. కష్టం పెంచమంటే అబద్ధం నేర్చుకుంటుంది. పదిహేడేళ్ల వయసులో ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకు మొదటిసారి రాసే జవాబే అబద్ధమైతే, సీటు వచ్చినా ఆ పిల్లకు మిగిలేదేమిటి?

బ్రిడ్జి ఎక్కడుంది?

పోయినేడు ఒక అబ్బాయి వచ్చాడు. ఇండియాకు, అమెరికాకు మధ్య తానొక బ్రిడ్జిలాంటివాడినని 650 మాటలు రాశాడు. ఇంగ్లిషు చక్కగా ఉంది. మేం సివిల్ వాళ్లం కదా, ఊరుకుంటామా? ‘ఏ బ్రిడ్జి నాన్నా? పిల్లర్లు ఎక్కడేశారు? దాని మీద ఎవరు నడుస్తున్నారు?’ అని అడిగాం. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా ఇంట్లో ఉన్న ఒక నీలం ఫైలు గురించి చెప్పాడు.

ఆ ఫైల్లో ఇంటిల్లిపాది వీసా కాగితాలుంటాయి. నాలుగేళ్ల వయసులో వచ్చాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, కానీ కలలు ఇంగ్లిషులోనే వస్తాయంటాడు. నాన్న హెచ్1 మీద, వాడు హెచ్4 మీద. ఇరవై ఒకటి నిండిన రోజున ఆ హెచ్4 పోతుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న నియమం 1990 చట్టంలోనే ఉంది. మన దేశం నుంచి క్యూలో నిలబడ్డవాళ్లు లక్షల్లో ఉంటే ఆ 7 శాతం ఏ మూలకు? కొందరు పిల్లలకు గ్రీన్‌కార్డు రాకముందే ఇరవై ఒకటి వచ్చేస్తుంది. అప్పుడు స్టూడెంట్ వీసాకు మారాలి, లేదా తాము ఎన్నడూ బతకని దేశానికి ‘తిరిగి’ వెళ్లాలి. ఫెడరల్ ప్రభుత్వమిచ్చే చదువు సాయమూ వాళ్లకు లేదు. ఈ పిల్లల కోసం 2021లో ‘అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్’ పేరుతో కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. ఆ సభ గడువు ముగిసేలోపు అది చట్టం కాలేదు.

‘మరి ఇది రాయలేదేం?’ అన్నాం. ‘డాడీ వద్దన్నారు అంకుల్’ అన్నాడు.

వాళ్ల నాన్నతో మాట్లాడాం. ‘అన్నా, ఇంటి గుట్టు బయట పెట్టుకోవడం దేనికి? రేపు ఏమన్నా అయితే?’ అన్నాడు. ఆయన భయాన్ని కొట్టిపారేయలేం. అదే వీసా గొలుసులో కట్టుకున్న బతుకులే మావీ. ‘చట్టం సంగతి మీ లాయరును అడుగు తమ్ముడూ, అది మేం చెప్పేది కాదు’ అన్నాం. కానీ అసలు ప్రశ్న చట్టానిది కాదు. కష్టాన్ని చెప్పుకోవాలా, దాచుకోవాలా? ఇది ఈ ఒక్క ఇంటి ప్రశ్న కాదు. మన తెలుగువాళ్లు ఈ గడ్డ మీద వందేళ్లుగా దీంతోనే కుస్తీ పడుతున్నారు.

చెప్పుకోనివారు, చెప్పినవారు

ముందు చెప్పుకోనివారి సంగతి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ భరోసాతో ప్రయాణం. ఖర్చులకు చాలక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం కూడా ఆ పనిలో భాగమే. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన కనిపెట్టిన ఫాస్ఫరస్ పరీక్ష పద్ధతి వైద్య విద్యార్థులకు నేటికీ తెలుసు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకిచ్చే మందు, ఆరియోమైసిన్ అన్నీ ఆయన నడిపించిన పరిశోధనల్లోంచి వచ్చినవే. 1948లో 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఇన్ని దాటినాయన తన కష్టాల గురించి ఆత్మకథ రాసుకోలేదు. ప్రచారమంటే గిట్టని మనిషి. ఆ నిగర్వానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ పాత్రలు కడిగిన రాత్రుల్లో ఆయన మనసులో ఏముందో ఆయన మాటల్లోనే చదువుకునే అవకాశం ఈనాటి పిల్లవాడికి లేకుండా పోయింది. చెప్పుకోకపోవడం కూడా ఒక నష్టమే.

ఇక చెప్పినవారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన హైదరాబాద్ కుర్రాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన ఘటన ఎవరు మర్చిపోతారు? గార్మిన్ కంపెనీలో ఇంజినీరు. వయసు 32. పని ముగించుకుని స్నేహితుడు అలోక్ మాడసానితో బార్ దగ్గర కూర్చున్నాడు. మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్పులు జరిపాడు. అలోక్ గాయాలతో బతికాడు. అడ్డుపడిన ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ల స్థానిక యువకుడికీ తూటా తగిలింది. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది.

భర్త పోయిన కొద్దిరోజులకే సునయన దుమాల ఫేస్‌బుక్‌లో ఒక పెద్ద లేఖ రాశారు. తామెలా కలుసుకున్నారో, ఆయనెలాంటి మనిషో, ఇల్లు ఎలా కట్టుకున్నారో చెప్పి, చివరికి ఒక్క ప్రశ్న వేశారు. మేం ఇక్కడివాళ్లమేనా, కాదా? గుర్తింపు గురించి, కష్టం గురించి ఏ తెలుగు మనిషీ ఇంతకంటే సూటిగా అడిగి ఉండరు. అది కాలేజీ సీటు కోసం రాసింది కాదు. ఎవరి మెప్పు కోసమూ కాదు.

దానికి మనమిచ్చిన బదులేమిటి? ఒకపక్క, బయట నలుగురిలో ఉన్నప్పుడు సొంత భాష మాట్లాడొద్దు, ఇంగ్లిషులోనే మాట్లాడండి అని మనవాళ్ల సంఘం ఒకటి సలహా ఇచ్చినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. భయంలోంచి వచ్చిన మాట, తప్పు పట్టలేం. కానీ ఒకామె ‘మేం ఇక్కడివాళ్లమేనా’ అని అడుగుతుంటే ‘నోరు మూసుకుని ఉంటే ఉండనిస్తారేమో’ అన్నట్టుగా ఉంది ఆ జవాబు. ఇంకోపక్క, అదే ఏడాది మార్చిలో హ్యూస్టన్‌లోని భారతీయులు గ్రిల్లట్‌ను పిలిచి సన్మానించి, ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. భర్త వీసా మీద ఆధారపడ్డ సునయన తిరిగి అమెరికా వచ్చి పనిచేసుకోవడానికి దారి కోసం కాన్సాస్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ పూనుకున్నారు. ఆమె ‘ఫరెవర్ వెల్కమ్’ అనే సంస్థ పెట్టి వలస వచ్చినవాళ్లకు, స్థానికులకు మధ్య మాట కలిపే పని చేపట్టారు. ఒక లేఖకు ఇవీ అసలైన బదుళ్లు. అయ్యో పాపం అనలేదు. ఏం చేయగలమని చూసి చేశారు.

సిగ్గు ఎవరిది?

అదే 2017లో న్యూయార్క్‌లో ఒక పుస్తకం వచ్చింది. సుజాత గిడ్ల రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’. కాకినాడలో పెరిగిన దళిత క్రైస్తవ కుటుంబం ఆమెది. వరంగల్ ఆర్‌ఈసీలో చదివారు. 26 ఏళ్ల వయసులో అమెరికా వచ్చారు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం 2009లో పోయాక న్యూయార్క్ సబ్‌వే రైల్లో కండక్టరుగా చేరారు. శివసాగర్ పేరుతో కవిత్వం రాసిన కె.జి. సత్యమూర్తి ఆమెకు మేనమామ. ఆయన కథ, తల్లి మంజుల కథ కలిపి ఆ పుస్తకం రాశారు. తన ఇంటి కథలు సిగ్గుపడాల్సిన కథలు కావని అమెరికా వచ్చాకే తెలిసిందని ఆమె అందులో అంటారు.

ఈ పుస్తకం అమెరికా పాఠకులు మెచ్చుకున్నంత తేలిగ్గా మన ఇళ్లల్లో జీర్ణం కాదు. పులిహోర కథకు ‘సూపర్’ అనడం సులువు. ఎందుకంటే అక్కడ అన్యాయం చేసింది తెల్లపిల్ల. ఈ కథలో చేసింది మనవాళ్లు. మరి మన పిల్లల్లో ఒకరు రేపు లైబ్రరీలో కూర్చుని, మన తెలుగు పార్టీలోనే మా ఇంటిపేరు అడిగి మొహం తిప్పుకున్నారని రాస్తే మనం ఏమంటాం? ‘ఇలాంటివి రాయకు, మన పరువు పోతుంది’ అంటామా? మేం అనం. అలా అంటే ఆ పిల్లకు రెండోసారి మొహం తిప్పుకున్నట్టే.

‘తెలుగు సంస్కృతి’ అని పిల్లలు రాసినప్పుడల్లా మేం ఒకటే అడుగుతాం. ఏ ఇంటి తెలుగు? జగిత్యాల బతుకమ్మా, గోదావరి పుష్కరాలా, గుంటూరు చర్చిలో క్రిస్మసా, పాతబస్తీ పక్కింటి రంజానా? మీ ఇంట్లో జరిగింది రాయి. అందరి తరఫునా నువ్వు రాయనక్కర్లేదు.

ఫైలు కథ ఏమైంది?

నీలం ఫైలు అబ్బాయి దగ్గరికి వద్దాం. వాళ్ల నాన్న లాయరును అడిగొచ్చారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇబ్బందేమీ లేదన్నారట. అయినా వారం రోజులు నాన్చారు. ఈలోగా అబ్బాయి రాసేశాడు. బ్రిడ్జి పోయింది. దాని బదులు ఆ ఫైలు వచ్చింది. పన్నెండో ఏట నుంచి ఆ కాగితాలను సర్దేది తనే. గడువు తేదీలు క్యాలెండరులో రాసేది తనే. తమ్ముడు ఇక్కడే పుట్టాడు కాబట్టి వాడి పేరుతో ఆ ఫైల్లో ఒక్క కాగితమూ ఉండదు. ఒకే గదిలో పడుకునే ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకడు అమెరికన్, ఇంకొకడు గడువున్న అతిథి. ఆ తేడా మీద తమ్ముణ్ని ఒక్కసారి కూడా విసుక్కోలేదని రాశాడు. తర్వాత దాన్ని కొట్టేసి, ‘ఒకసారి విసుక్కున్నాను’ అని మార్చాడు. ఎక్కడా ఏడుపు లేదు. ఎక్కడా ‘నేను గెలిచాను’ అన్న మాట లేదు. ఇంకా గెలవలేదు కదా!

వాళ్ల నాన్న కాగితం తీసుకుని కారులో కూర్చుని చదువుకున్నారు. తిరిగొచ్చి ఒకే ఒక్క చోట పెన్నుతో గీత పెట్టారు. తను పనిచేసే కంపెనీ పేరు. ‘ఇదొక్కటి తీసెయ్, మిగతాది ఉంచు’ అన్నారు. అబ్బాయి తీసేశాడు. ఆ పేరు నాన్నది, తీయమనే హక్కూ నాన్నదే. ఆ అబ్బాయికి ఏ కాలేజీ వచ్చిందని అడక్కండి. ఇంట్లో ఆ ఫైలు గురించి మొదటిసారి నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నారు. మాకు అది చాలు.

మేం అడిగే ప్రశ్నలు

సైట్ మీద పని అప్పజెప్పే ముందు ‘పంచ్ లిస్ట్’ అని ఒకటి రాస్తాం. ఎక్కడ ఏం మిగిలిందో చూసి రాసే పట్టీ అది. ‘ఇల్లు బాగుంది’ అని అందులో రాయం. ‘రెండో బెడ్‌రూం కిటికీ మూలలో సీలింగ్ తడిసింది’ అని రాస్తాం. పిల్లల వ్యాసాలకూ అలాగే బదులిస్తాం. మా పట్టీలో ఉన్నవి ఆరు ప్రశ్నలే.

ఒకటి, ఇది నీకు జరిగిందా, నువ్వు విన్నదా? విన్నదైతే నీకు ఎవరు, ఎప్పుడు చెప్పారు?

రెండు, ఏ ఊరు, ఏ గది, ఏ రోజు? చూపించగలవా?

మూడు, ఆ కష్టంలో నువ్వు చేసిన పనేమిటి? పడ్డది సరే, చేసింది ఏది?

నాలుగు, నీకు సాయం చేసినవాళ్లు ఈ కాగితంలో ఉన్నారా? ఒంటిచేత్తో గెలిచినవాడు మాకు ఇంతవరకూ కనపడలేదు.

ఐదు, ఇందులో ఉన్న అమ్మ, నాన్న, తాత దీన్ని చదివారా? చదివితే ఏమంటారు?

ఆరు, ఇంకా తేలని సంగతేదైనా ఉంటే తేలలేదని రాశావా, లేక ముగింపు బాగుండాలని తేల్చేశావా?

ఈ ప్రశ్నలు మనవాళ్లకే కాదు. మా సైట్లో కాంక్రీట్ ఫినిషింగ్ చేసే మెక్సికో మేస్త్రీ ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని అద్దంలా నునుపు చేస్తాడు. ఆయన కూతురు వాళ్ల ఇంట్లో కాలేజీకి వెళ్లబోయే మొదటి మనిషి. నాన్న కూలి అని రాయడానికి మొదట వెనకాడిందట. మధ్యాహ్నం బువ్వ వేళ ఈ ఆరు ప్రశ్నలూ ఫోన్లో చెప్పించాడు. మర్నాడు కాంక్రీట్ ఎన్ని గంటలకు గట్టిపడుతుంది, ఎప్పుడు చేయి పెట్టాలి అని ఆయన్ను అడిగి రాసుకుందట. ఇరవై ఏళ్లలో ఇంట్లో తన పని గురించి అడిగింది ఇదే మొదటిసారి అని చెబుతుంటే ఆ మనిషి గొంతు మారింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ముందస్తు దరఖాస్తులకు చాలా కాలేజీల గడువు నవంబరు మొదట్లోనే. మామూలువాటికి జనవరి మొదట్లో. ఈలోగా ఒక సాయంత్రం టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. వ్యాసం గట్టిగా చదివించుకోండి. మీ పేరు వచ్చినచోట ఉలిక్కిపడకండి. మీరు పిల్లలకు చెప్పకుండా దాచిన సంగతులుంటే, వీసాదో అప్పుదో గల్ఫ్‌లో గడిపిన రోజులదో, అవి వాళ్లకు అడక్కుండానే సగం తెలుసని గుర్తుంచుకోండి. మిగతా సగం మీ నోటి నుంచి వినడానికే వాళ్లు ఎదురుచూస్తున్నారు. దిద్దడానికి కౌన్సెలర్లు ఉన్నారు. ఆ సగం చెప్పగలిగింది మాత్రం మీరే.